బుధవారం పంటులో మందుల పెట్టె

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ సముద్రం దాకా పరుచుకున్న నేల దివిసీమ. అంటే సీమంతా ఒక దీవే. దాని కొసన, నాగాయలంక దాటాక, ఆ దీవికీ దీవులున్నాయి: ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ. నాగాయలంక దాకా బస్సు ఉంది. అక్కణ్ణుంచి ఏటిమొగ రేవుకు ఆటోలో వెళ్లాను. రేవు దగ్గర రోడ్డు అయిపోతుంది, అవతలికి పంటే దిక్కు. మోటారు సైకిళ్లు, బియ్యం బస్తాలు, చేపలకు వేసే ఐసు, బడి పంతుళ్లు, చంకలో పిల్లలతో తల్లులు, అందరూ అన్నీ దాని మీదే. ఎడమ పక్క మడ అడవి మొదళ్లు నీళ్లలో మునిగి కనిపిస్తాయి. గాలికి ఉప్పు వాసన.

నేను వెళ్లింది ఆ దీవుల్లోని ఒక పల్లెలో ఏఎన్ఎం పదవీ విరమణ సభకు. ఆమె పేరూ ఊరి పేరూ ఇక్కడ రాయడం లేదు, ఆమె వద్దన్నారు. పల్లెలో అందరికీ ఆవిడ నర్సమ్మే. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో వేల ప్రాణాలను మింగిన నాటికి ఆమె అవనిగడ్డ వైపు ఊళ్లో బడికి వెళ్లే పిల్ల. శిబిరాల్లో కలరా రాకుండా సూదులు వేస్తూ తిరిగిన నర్సుల వెనకే తానూ తిరిగిందట. దాని గురించి అంతకంటే చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ దీవుల్లో పోస్టింగు అంటే ఉద్యోగులు శిక్ష అనుకుంటారు. వచ్చినవాళ్లలో చాలామంది నాగాయలంకలోనో అవనిగడ్డలోనో కాపురం పెట్టి పంటు మీద రాకపోకలు చేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. మంచినీళ్లకూ ఇబ్బంది పడే చోట పిల్లలతో కాపురం అంటే మాటలు కాదు. ఈవిడ మాత్రం సబ్‌సెంటరు పక్కనే అద్దెకు ఇల్లు తీసుకుంది. రెండుసార్లు బదిలీ వచ్చి వెళ్లాల్సి వచ్చినా, తర్వాతి కౌన్సెలింగులో మళ్లీ ఈ పల్లెనే కోరుకుంది. ఆ ఖాళీకి పోటీ పడేవాళ్లు ఎలాగూ లేరు. 58 ఏళ్లకు దిగిపోవాల్సిన ఉద్యోగం, ప్రభుత్వం 2014లో 60కి, 2022లో 62కి వయసు పెంచడంతో అలా సాగింది.

దీవిలో నర్సు పని అంటే ఏమిటో ఆమె పక్కన కూర్చున్నాక గానీ నాకు అర్థం కాలేదు. టీకాలు బుధవారం, శనివారం వేస్తారు. పొద్దున్నే మొదటి పంటులో అవతలి ఒడ్డుకు వెళ్లాలి. ఆరోగ్య కేంద్రంలో నాలుగు ఐస్‌ప్యాకులు పెట్టిన క్యారియరులో టీకాలు సర్దుకోవాలి. అవి రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. వేడెక్కితే పనికిరావు. గడ్డకట్టినా కొన్ని పనికిరావు. అందుకే ఫ్రీజరులోంచి తీసిన ఐస్‌ప్యాకుకు చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే క్యారియరులో పెడతారు. ఎండలో పంటు కోసం నిలబడిన ప్రతి గంటా ఆ పెట్టె చల్లదనంలోంచి తరిగేదే. సీసా మీద చిన్న చదరపు గుర్తు ఉంటుంది, వేడి తగిలేకొద్దీ నల్లబడుతుంది. దాన్ని చూడకుండా ఆమె ఒక్క సీసా కూడా చేత్తో పట్టేది కాదని ఆశా కార్యకర్త చెప్పింది.

తట్టు టీకా పొడి రూపంలో వస్తుంది. కలిపిన నాలుగు గంటల్లోపే వాడాలి, మిగిలింది పారబోయాలి. పల్లెలో ఆ రోజు ఒక్క బిడ్డే ఉంటే? "ఒక్క బిడ్డకైనా సీసా విప్పాల్సిందే. రూలు కూడా అదే. ఇంకో నలుగురు పోగయ్యేదాకా ఆగుదామనుకుంటే ఈ బిడ్డ వాళ్లమ్మతో పీతల వేటకు మడల్లోకి వెళ్లిపోద్ది, మళ్లీ ఎప్పుడొస్తదో," అంది. యానాదుల కుటుంబాలు అలా రోజుల తరబడి మడల్లోనే ఉండిపోతాయి. వాళ్లు ఏ రేవు దగ్గర పడవ కడతారో ఆమెకు తెలుసు. అక్కడికే వెళ్లి వేసేది. 2014లో మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించారు. అప్పట్లో ఆ వార్త చదివి ఊరుకున్నాను. ఇలాంటి రేవుల్లో ఎవరో పడవ కోసం నిలబడబట్టే అది అయిందని ఇక్కడ కూర్చున్నాకే తెలిసింది.

ఆమె గోడ మీది తెలుగు క్యాలెండరు నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. నెలలు నిండిన ప్రతి గర్భిణి కాన్పు తేదీ దాని మీద పెన్నుతో రాసుంది. అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా పడితే చుట్టూ ఎర్రగీత. ఆ రోజుల్లో పోటు బలంగా ఉంటుంది, పాటు కూడా బాగా లోతుకు పోతుంది, పంటు వేళలు తప్పుతాయి. 108 బండి రేవు దాకానే వస్తుంది, అర్ధరాత్రి నొప్పులొస్తే ఆ మధ్య నీళ్లు దాటించేదెవరు? అందుకే ఎర్రగీత ఉన్నవాళ్లను తేదీకి పది పదిహేను రోజుల ముందే అవనిగడ్డలో బంధువుల ఇంటికి పంపేది. బంధువులు లేకపోతే తన అక్క ఇంటికి. ఏ సర్క్యులరులోనూ లేని పని ఇది. దీవుల్లో పనిచేసే ప్రతి ఏఎన్ఎంకూ శిక్షణలో నేర్పాల్సిన పని అని నాకు గట్టిగా అనిపించింది.

సభ సబ్‌సెంటరు ముందు షామియానా కింద జరిగింది. శాలువాలు చాలానే కప్పారు. భోజనాల్లో పండుగప్ప పులుసు, రొయ్యల వేపుడు. ప్రసంగాల్లో ఎక్కువభాగం అన్ని సభల్లోలాంటివే. ఒక్క మాట మాత్రం గుర్తుండిపోయింది. వలలు వేసే ఒక ముప్పై ఏళ్ల మనిషి కూతురిని ఎత్తుకుని మైకు దగ్గరకొచ్చాడు. "నేను కడుపులో ఉన్నప్పుడు మాయమ్మకి ధనుర్వాతం సూదేసింది నర్సమ్మే. నాకేసింది. ఈ పిల్లకేసింది. నాకు ఇంకేం మాట్టాడాలో తెల్దు," అని దిగిపోయాడు.

ఊరివాళ్లు వైద్యాధికారికి ఒక అర్జీ ఇచ్చారు. అందులో వంతెన లేదు, భవనం లేదు. దీవిలోనే ఉండే ఏఎన్ఎంను వేయమని ఒక్కటే అడిగారు. నిజమైన సన్మానం అదేనని నా నమ్మకం. ఒక మనిషి ముప్పై ఏళ్లకు పైగా నిలబెట్టిన పనిని ఆమె సొంత మంచితనం కింద జమకట్టి శాలువాతో సరిపెడితే, ఆమె వెళ్లాక పల్లెకు మిగిలేది ఏమీ ఉండదు. అక్కడ కాపురం ఉండే ఉద్యోగికి మంచి ఇల్లు, మంచినీళ్లు, అదనపు భత్యం ఇవ్వాలి. దీవిలో చేసిన ఏళ్లకు బదిలీల్లో విలువ కట్టాలి.

కొత్త ఏఎన్ఎం వచ్చేదాకా పక్క సబ్‌సెంటరు ఏఎన్ఎం ఇన్‌ఛార్జి. చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. భోజనాలయ్యాక ఇద్దరూ రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నారు. నర్సమ్మ క్యాలెండరు గోడ మీంచి తీసి ఆ పిల్ల చేతికిచ్చింది, అందులో రెండు ఎర్రగీతలున్నాయి.

"బుధవారం ఏడింటికి రేవులో ఉంటే చాలా అమ్మా?" అని అడిగింది ఆ పిల్ల.

"చాలదమ్మా. ఆ రోజు పాటు తొందరగా తీస్తది. ఆరున్నరకే ఉండు. నేను కూడా వస్తాను, ఆ ఇద్దరి ఇళ్లూ చూపిస్తా."