అమ్మ వీణను కొత్తగా చేయించాము



పోయిన ఆదివారం మన సంఘం మీటింగులో ఒక మాట వచ్చింది. భజన మందిరంలో ఉన్న పాత వీణ బాగా నల్లబడిపోయింది, వార్షికోత్సవం లోపల దాన్ని గీకించి పాలిష్ పెట్టిద్దాం అన్నారు. అందరూ సరే అన్నారు. మేమూ తల ఊపి వచ్చేశాము. ఇంటికి వచ్చాక మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. అక్కడ నోరు తెరిచి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాము. కొంచెం పొడుగు అవుతుంది, ఓపికగా చదవండి.

మా అమ్మ వీణ తంజావూరులో చేసింది. 1958లో అమ్మ పెళ్ళికి తాతగారు కొనిచ్చారు. పనస చెక్క. మాకు ఊహ తెలిసినప్పటినుంచి దాని రంగు పాత బెల్లం రంగే. కుండ పై పలక అంచు మీద అమ్మ కుడి ముంజేయి ఆనే చోటు మాత్రం ఇంకా నల్లగా, అద్దంలా నునుపుగా ఉండేది. నాలుగు వేళ్ళ వెడల్పు ఉంటుంది. యాభై ఏళ్ళు రోజూ సాయంత్రం ఆ చెయ్యి అక్కడే ఆనింది.

అమ్మ 2009లో పోయింది. మరుసటి సంవత్సరం మా అమ్మాయి పెళ్ళి. పెళ్ళిలో వీణ కచేరీ పెట్టాము, అమ్మ వీణే వాయించాలని ఆశ. అంతమంది ముందు పాతదిగా ఉంటే ఏం బాగుంటుంది అనుకొని ఒక ఆచారికి ఇచ్చాము. ఆయన రెండుసార్లు అడిగాడు, “పై రంగంతా పోతుంది, పరవాలేదా?” అని. “కొత్తదానిలా ఉండాలి” అన్నాము. తప్పు ఆయనది కాదు, మాది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాము.

పదిహేను రోజుల తరువాత వీణ వచ్చింది. పసుపు కొమ్ము విరిస్తే లోపల ఉండే రంగు. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. పెళ్ళి ఫోటోల్లో పెళ్ళికూతురి కంటే వీణే ఎక్కువ మెరుస్తుంది.

సేలం నుంచి అక్క వచ్చింది. వీణ దగ్గర కూర్చొని అంచు మీద చెయ్యి పెట్టింది. అటూ ఇటూ తడిమింది. “అమ్మ చెయ్యి ఏదిరా?” అంది. అంతే. పెళ్ళి మూడు రోజులూ మళ్ళీ దాన్ని తాకలేదు. మాకు అప్పుడుగాని తెలియలేదు, ఉప్పు కాగితంతో ఏం గీకించామో.

కథ అక్కడ అయిపోలేదు. వీణను హాల్లో కిటికీ పక్కన పెట్టాము, సగం మీద శాలువా కప్పి. ఏడాది తిరిగేసరికి ఎండ వెలుతురు పడిన సగం గోధుమ రంగుకి తిరిగింది, శాలువా కింద ఉన్న సగం పచ్చగానే ఉంది. పాలిష్ మోసం అనుకొని ఆచారి దగ్గరికి కోపంగా పోయాము. ఆయన నవ్వి, మూలలో ఉన్న పాత పనస మొద్దు ఒకటి తీసి రంపంతో చిన్న ముక్క కోసి చూపించాడు. బయట నల్ల గోధుమ, లోపల పసుపు. “సార్, ఇది చెక్క గుణం. వెలుతురు తగిలితే ముదురుతుంది. నేను పెట్టిన పాలిష్ దాన్ని ఆపలేదు” అన్నాడు.

మిగతా సంగతి మా మేనల్లుడు, అక్క కొడుకు, చెప్పాడు. వాడు బెంగుళూరులో కంపెనీ ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో గిటార్లు చేస్తాడు. ఒక గిటారుకి ఆఫ్రికా పడాక్ చెక్క వేశాడు. మన ఎర్రచందనానికి అది చుట్టమే. కోసినప్పుడు కుంకుమ లాగా ఉంది, వాడి చేతులు కూడా ఎర్రబడ్డాయి. పక్కన తెల్ల చెక్క ఉంటే స్పిరిట్ గుడ్డతో తుడిచేటప్పుడు ఆ ఎరుపు దానికి కూడా అంటుకుంటుందట. అందుకని ముందే పల్చగా లక్క పూత వేసి మూసేస్తారు. ఇంకొక గిటారుకి దక్షిణ అమెరికా నుంచి వచ్చే పర్పుల్ హార్ట్ వేశాడు. అది ఇంకా విచిత్రం. కోసిన వెంటనే బూడిద గోధుమ రంగులో ఉంటుంది. గాలి, వెలుతురు తగిలాక నేరేడు పండు రంగు వస్తుంది. ఏళ్ళు గడిస్తే అదీ గోధుమలోకి దిగుతుంది.

చెక్కలో చెట్టు తనకోసం దాచుకున్న రంగు పదార్థాలు ఉంటాయి. ఎండలోని అతినీల కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ వాటిని మారుస్తాయి. పనసలోని ఆ పసుపు ఎంత గట్టిదంటే, బర్మా, థాయిలాండుల్లో బౌద్ధ భిక్షువుల బట్టలకి ఆ చెక్క పొట్టు ఉడకబెట్టి రంగు వేసేవాళ్ళు. అతినీల కిరణాలను అడ్డుకునే పాలిష్‌లు ఉన్నాయి. అవి మార్పును నిదానం చేస్తాయి, ఆపలేవు. పైన కొంచెం గీకితే మొదటి రంగు మళ్ళీ వస్తుంది, మళ్ళీ ముదురుతుంది. గీకిన ప్రతిసారీ చెక్క కొంచెం పలచబడుతుంది. వీణకి, గిటారుకి పై పలక మందమే నాదం.

ఇంకొక విచిత్రం చెప్పాడు. గిటారు పై పలకకి వేసే స్ప్రూస్ చెక్క కొత్తలో పాల తెలుపు, పాతబడితే తేనె రంగు. ఆ తేనె రంగు కోసం కొత్త గిటార్లకే పసుపు కలిపిన పాలిష్ కొడతారట. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1995 నుంచి కావాలని గీతలు పెట్టి, రంగు రాల్చి, పాతవాటిలా కనపడే గిటార్లను ఎక్కువ ధరకు అమ్ముతోంది. వాళ్ళు లేని పాతదనాన్ని డబ్బిచ్చి కొంటున్నారు, మేము ఉన్నదాన్ని డబ్బిచ్చి గీకించుకున్నాము.

వాడి ఎర్ర గిటారు రెండేళ్ళలో ఇటుక రంగుకి తిరిగినప్పుడు వాడూ ఉప్పు కాగితం తీశాడట. అక్క “వద్దురా, ఉండనీ” అందట. ఎందుకని వాడు అడగలేదు.

ఇప్పుడు మన మందిరం వీణ సంగతి. 24 మెట్ల తంజావూరు వీణ రఘునాథ నాయకుని కాలంలో స్థిరపడిందని చెప్తారు. ఆయన తెలుగులో కావ్యాలు రాసిన రాజు. తమిళ దేశంలో ఉన్న మనకి అది ఊరికే ఒక వాద్యం కాదు. దాని మీద ఉన్న నలుపు రెండు రకాలు. ఒకటి దీపం మసి, కర్పూరం పొగ. అది మురికి, పోవాలి. మెత్తని పొడి గుడ్డతో మొదలుపెట్టి, కావాలంటే బాగా పిండిన తడి గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి. ముందు అడుగున, కనపడని చోట చూసుకోవాలి. మెట్ల కింద మైనం జోలికి పోకూడదు, ఎండలో అసలు పెట్టకూడదు. రెండో నలుపు చెక్కది, దాన్ని వాయించిన చేతులది. దాన్ని ముట్టుకోవద్దు. పగుళ్ళు, మెట్లు, తీగలు బాగు చేయించండి, ఆ ఖర్చులో మా వంతు ఇస్తాము.

అమ్మ వీణ ఇప్పుడు మళ్ళీ గోధుమ రంగుకి వచ్చింది. శాలువా గీత కూడా కలిసిపోయింది. చూసినవాళ్ళు పాత వీణే అనుకుంటారు. మా మనవరాలు దాని మీద సరళీ స్వరాలు వాయిస్తోంది. ముంజేయి ఆనే చోట మాత్రం ఇంకా ఏమీ లేదు.

మందిరం వీణను వాయించినవాళ్ళ పిల్లలు, మనవలు ఈ గుంపులోనే ఉన్నారు. ఆచారికి ఇచ్చే ముందు వాళ్ళను ఒకసారి పిలవండి. వచ్చి అంచు మీద చెయ్యి పెట్టి చూడనివ్వండి. ఆ తరువాత సంఘం ఏం నిర్ణయించినా మాకు సమ్మతమే.