మూడు కాళ్ళతో ఫిల్మ్ సిటీకి!

మన సినిమాల్లో హీరోకి కాలు విరిగితే బాగవడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క పాట! పల్లవిలో కట్టు, మొదటి చరణంలో చంకకర్ర, రెండో చరణంలో హీరోయిన్ భుజం... పాట అయ్యేసరికి పరుగో పరుగు!

నా కాలికి మాత్రం అలాంటి పాట ఎవరూ రాయలేదు. మోకాలి కింద పెద్ద ఎముక విరిగింది. లోపల వుక్కు కడ్డీ వేసి, పైనా కిందా మరలు బిగించారు. ఆపరేషనై నాలుగు నెలలు దాటినా చేతిలో కర్ర లేకుండా వీధిలోకి అడుగు పెట్టొద్దన్నారు డాక్టరు గారు.

ఆ నాలుగు నెలలూ మా కొత్తగూడెంలో మంచం మీద పడుకుని, సింగరేణి సైరన్ వింటూ, సెల్‌ఫోన్‌లో నేను చూసిన సినిమాలకి లెక్క లేదు. ఒకరోజు మా బావ వచ్చి, "అరచేతిలో చూసింది చాలుగానీ, సినిమాలు తీసే చోటికే పోదాం, నడువ్!" అన్నాడు. అంటే రామోజీ ఫిల్మ్ సిటీ అన్నమాట!

అమ్మ ఒప్పుకుంటేనా! "కాలు బాగయ్యాక పోరాదురా? అదేమన్నా పారిపోతదా?" అంది. నిజమే, ఫిల్మ్ సిటీ ఎక్కడికీ పారిపోదు. కానీ నాలుగు నెలలుగా మా యింట్లో అన్నీ "బాగయ్యాకే". స్నేహితుడి పెళ్ళి, భద్రాచలం దర్శనం, కిన్నెరసాని షికారు... అన్నీ! ఆ "బాగయ్యాక" అనేది క్యాలెండర్‌లో ఏ తేదీనో నాకూ తెలీదు, డాక్టరు గారికీ తెలీదు. ఆయన్నే అడిగాను. "వెళ్ళు. గెంతొద్దు, కుదుపులుండే ఆటలెక్కొద్దు, అలసట రాకముందే కూర్చో" అన్నారు. ఇంకేం!

మా వైపు నించి వెళ్ళేవాళ్ళకి ఒక సుఖం వుంది. ఖమ్మం, సూర్యాపేట మీదుగా విజయవాడ హైవే ఎక్కితే, హైదరాబాదు ట్రాఫిక్‌లో పడకముందే ఫిల్మ్ సిటీ వచ్చేస్తుంది. 1996లో మొదలైన యీ సినిమా నగరం విస్తీర్ణం 1,600 ఎకరాల పైమాటే! ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియోగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అంత జాగాని రెండు కాళ్ళున్నవాళ్ళే నడిచి చూడలేరు. అందుకే అందర్నీ బస్సుల్లో తిప్పుతారు. ఆ విషయంలో నేనూ, పరుగుపందెం వీరుడూ ఒక్కటే!

అయితే బస్సు ఎక్కాలి, దిగాలి. ఇక్కడో చిట్కా చెప్తాను, గుర్తు పెట్టుకోండి. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు. కర్ర మాత్రం ఎప్పుడూ మంచికాలి వైపు చేతిలోనే వుండాలి. బరువు పంచుకునేది అప్పుడే. ఈసారి తెరమీద కర్రతో నడిచే పాత్ర వస్తే, కర్ర ఏ చేతిలో వుందో చూడండి. నటుడు నేర్చుకుని వచ్చాడో లేదో యిట్టే తెలిసిపోతుంది!

కుదుపులుండే ఆటల దగ్గర నా వేషం ఒకటే - చెప్పులకీ, సంచులకీ కాపలా! బావ లోపలికి దూకాడు. నేను బయట కూర్చుని దిగొచ్చేవాళ్ళ మొహాలు చూశాను. ఒకాయన కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటూ దిగాడు. ఆయన పిల్లలు "ఇంకోసారి నాన్నా!" అని చొక్కా పట్టుకు లాగుతున్నారు. టికెట్ లేని కామెడీ ట్రాక్!

'బాహుబలి' సెట్టు దగ్గర అందరూ ఫోటోల కోసం ముందుకి పరిగెత్తారు. నాకు అంత వేగం లేదు. కర్ర పక్కన పెట్టి, నీడలో కూర్చున్నాను. అంతెత్తు రాజరికం! 2015లోనూ 2017లోనూ మనం థియేటర్లో ఈలలేసి చూసిన మాహిష్మతి. పక్కనున్న గోడని వేలితో కొట్టి చూశాను. డొల్ల శబ్దం! రాయి కాదది. సెట్టింగంటే అంతేగా మరి! అయినా ఆ డొల్లగోడే తెరమీద మన గుండెలదరగొట్టింది. దాన్ని నిలబెట్టిన వడ్రంగులకీ, మేస్త్రీలకీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

అప్పుడే పక్కన ఒక పెద్దాయన కూర్చుంటూ, "అయ్యో పాపం! ఈ కాలుతో ఎందుకొచ్చావు నాయనా?" అన్నారు. ప్రేమగానే అన్నారు. "సినిమా పిచ్చండీ!" అని నవ్వేశాను. కానీ ఆ "పాపం" అనే మాట మాత్రం గుచ్చుకుంది.

సుధా చంద్రన్ గారు మీకు తెలుసు కదా? 1981లో బస్సు ప్రమాదం తర్వాత ఆమె కుడికాలు తీసేయాల్సి వచ్చింది. జైపూర్ పాదం పెట్టుకుని, నొప్పి దిగమింగి సాధన చేసి, 1984లో మళ్ళీ వేదికెక్కి నాట్యం చేశారు. ఆ కథని ఆమెతోనే సింగీతం శ్రీనివాసరావు గారు 'మయూరి'గా తీశారు. నిర్మాత ఎవరో తెలుసా? ఈ ఫిల్మ్ సిటీని కట్టిన రామోజీరావు గారే! ఆయన 2024లో కన్నుమూశారు. 'మయూరి' మాత్రం యివాళ్టికీ కళ్ళు చెమర్చేలా చేస్తుంది.

నేను సుధా చంద్రన్‌ని కాదు. క్లైమాక్సులో నాట్యం చెయ్యలేను. అలాగని పాపం అనిపించుకునే పాత్ర కూడా నాది కాదు. తెరమీద కాలు దెబ్బతిన్నవాడు అయితే జాలిపాత్ర, లేకపోతే మహావీరుడు. ఆ రెంటికీ మధ్య కర్రతో నడుస్తూ, ఐస్‌క్రీం తింటూ, సెట్టింగులు చూసి నోరెళ్ళబెట్టే మామూలు ప్రేక్షకుడు కూడా ఒకడున్నాడు. నేను వాడిని!

వాడికి కావల్సింది చప్పట్లు కాదు. పట్టుకోవడానికో రెయిలింగు, కూర్చోవడానికో బెంచీ, మెట్ల పక్కన కాస్త వాలుదారి. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు వాలు - లెక్క అంతే! 2016 చట్టంలో రిజర్వేషన్ల లాంటివి దక్కాలంటే కనీసం 40 శాతం వైకల్యం వుండాలి. వాలుదారి అలా సర్టిఫికెట్ అడగదు. చక్రాల కుర్చీకీ, నిండు చూలాలికీ, మోకాళ్ళు అరిగిన బామ్మకీ, నాలాంటి నాలుగు నెలల కుంటివాడికీ అందరికీ అదే దారి. నేను చిన్నప్పటి నించీ వెళ్ళే ఒక థియేటర్లో - పేరెందుకు లెండి - బాల్కనీకి చీకటి మెట్లే దిక్కు. ఆపరేషన్ అయ్యాక అక్కడ ఒక్క సినిమా కూడా చూడలేకపోయాను. ఫిల్మ్ సిటీ దాకా వెళ్ళొచ్చిన కాలు ఆ బాల్కనీ దాకా వెళ్ళలేకపోయింది, చిత్రం కాదూ?

కాబట్టి సినీ ప్రియులారా, ఈసారి మార్నింగ్ షోకి వెళ్ళినప్పుడు మెట్ల దగ్గర ఎవరైనా కర్ర పట్టుకుని ఆగితే "అయ్యో పాపం" అనకండి. కాస్త పక్కకి జరిగి, రెయిలింగు వైపు వాళ్ళకి వదిలిపెట్టండి. టైటిల్స్ పడేలోగా వాళ్ళూ సీట్లో వుంటారు!