విడిచిన విద్య వెల

ఒక విద్యలో ప్రావీణ్యం కోరేవాడు మరొక విద్యను విడువక తప్పదంటారు. ఐతే ఎంత విడవాలి, విడిచిన దానికి తలుపు పూర్తిగా మూయవలెనా అన్న ప్రశ్నలకు లెక్కకట్టి సమాధానం చెప్పినవారు అరుదు. అటువంటి లెక్క నాకొక ఆటలో కనిపించింది.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే క్రీడను వెలువరించారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుండి, తలా ఒక పాత్ర ధరించి, మాటలతోను పాచికలతోను ఒక సాహసగాథ నడుపుతారు. అందులోని మాంత్రికుడు తన గ్రంథంలోని మంత్రాలలో కొన్నింటిని ఏ రోజుకారోజు సిద్ధం చేసుకొంటాడు. మా మేనల్లుడు ఆ నిబంధనలు చదివి వినిపిస్తుండగా, అనువాదకుడినైన నాకు వాటిలో నా వృత్తే కనబడింది.

1989 నాటి రెండవ కూర్పులో మంత్రవిద్యకు ఎనిమిది ప్రధాన శాఖలు. ఒక శాఖలో ప్రత్యేక కృషి చేసినవానికి ప్రతి స్థాయిలోను రోజుకొక మంత్రం అదనం. అందుకు బదులుగా ఆ శాఖకు విరుద్ధమైన శాఖలు పూర్తిగా నిషిద్ధం. భ్రాంతి కల్పించే ఇంద్రజాలికుడు మృతులకు సంబంధించిన విద్యను ముట్టరాదు. 2003 నాటి సవరణలో వదలవలసినవి రెండు శాఖలు. వాటిని ఆటగాడే ఎంచుకొనవచ్చును. గుప్తవిషయాలు తెలిపే శాఖను వరించినవాడు మాత్రం ఒక్కదానిని వదిలితే చాలును. చిక్కు ఇక్కడే ఉన్నది. తనకెన్నడూ అక్కరకు రాని శాఖను వదిలినవాడు ఏమి త్యాగం చేసినట్లు? 2014 నాటి ఐదవ కూర్పులో ఏ శాఖా నిషిద్ధం కాదు. పైగా తన శాఖలోని మంత్రాన్ని గ్రంథంలో వ్రాసుకొనడానికి కాలమూ ధనమూ సగమే. లాభం కలదు, వెల లేదు.

నాకు నచ్చినది 2009లో వచ్చిన 'పాత్‌ఫైండర్' అనే సోదరక్రీడ పద్ధతి. అందులోనూ రెండు శాఖలను ప్రతికూలంగా ఎంచుకోవాలి; కాని తలుపు మూయరు. ఆ శాఖల మంత్రం ఒకటి కావలెనంటే రెండు మంత్రాల చోటు వెచ్చించాలి.

యౌవనంలో నాకు హిందీతోపాటు బంగ్లా మీద కూడ మక్కువ ఉండేది. రెండింటికీ సమానంగా ఊడిగం చేయడం ఒక్క జన్మలో సాగదని హిందీని వరించాను. నేడు హిందీ వాక్యం నా చేతిలో అలవోకగా తెలుగవుతుంది. బంగ్లా కథ చదవవలెనంటే మాత్రం నిఘంటువు ప్రక్కనుండాలి. ఒక పూట పని రెండు పూటలవుతుంది. ఐనా చదువుతాను. 'అభిమానం' అంటే మనకు ఆదరం, హిందీవారికి గర్వం. బంగ్లావారికి అది ప్రియమైనవారిమీద కలిగే అలుక. ఈ మూడవ అర్థాన్ని నేను రెట్టింపు వెలకే కొన్నాను.

నిషేధమే ఉండివుంటే ఆ మాట నాకు దక్కేది కాదు. వెలయే లేకుంటే హిందీలో నా చేయి ఇంతగా తిరిగేదీ కాదు.