పై అంతస్తు లేని పడవ

గత శీతాకాలంలో సెలవు ప్రయాణ రాయితీపై మేము ఆరుగురము కేరళలోని అలప్పుళ చేరుకున్నాము. వేంబనాడు సరస్సుపై ఒక రాత్రి గడపాలన్నది పిల్లల కోరిక. రేవులో రెండు గృహనౌకలు చూపించారు. రెండింటికీ రెండేసి పడక గదులు. అద్దె ఒకటే, భోజనమూ ఒకటే. ఒకప్పుడు కుట్టనాడు ధాన్యాన్ని మోసిన కెట్టువళ్ళాల రూపమే రెండింటిదీ. మేకులు కొట్టక, పలకలను కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టి కట్టిన పడవలకు ఆ పేరు వచ్చింది.

తేడా అల్లా మొదటిదానికి పై అంతస్తు ఉండడమే. పిల్లలు అప్పటికే మెట్లెక్కేశారు. మాకు మాత్రం 2009 సెప్టెంబరు 30న తేక్కడి జలాశయంలో బోల్తాపడి 45 మందిని బలిగొన్న రెండంతస్తుల పడవ జ్ఞప్తికి వచ్చింది. బరువు పైకి పోయినకొద్దీ పడవకు నిలకడ తగ్గుతుంది. ఆపైన జనమంతా ఒకే పక్కకు చేరితే చెప్పనక్కరలేదు.

వచ్చీరాని తమిళంలో ప్రాణరక్షక చొక్కాల సంగతి అడిగాము. మొదటి పడవలో అవి మూటగట్టి అటకపై ఉన్నాయి. అన్నీ పెద్దల కొలతవే. రెండవదాని సరంగు అడగకముందే పిల్లల కొలతవి తెచ్చి తొడిగి చూపాడు. బేరం అక్కడే ముగిసింది.

పిల్లల అలక సాయంత్రం పడవను గట్టుకు కట్టేవరకూ తీరలేదు. మా అత్తగారు తమకూ ఒక చొక్కా కావాలని అడిగి, పట్టుచీరపైనే తొడుక్కున్నారు. చిన్నవాడు దానితోనే నిద్రపోయాడు.