ఈస్టుకి మెదడెక్కడిది?

బేకరీలో బన్ను పొంగేది ఈస్టు వల్ల. తాటికల్లు నురగలు కక్కేదీ ఈస్టు వల్లే. ఒకే ఒక్క కణం, అంతే దాని శరీరం. మెదడు లేదు, నరాలు లేవు. అలాంటి జీవిలో పార్కిన్సన్ జబ్బు గురించి పరిశోధన చేస్తారని జీవశాస్త్రం క్లాసులో మేడమ్ చెప్పగానే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మేం కవలలం, ఒకే బెంచీ. ఆ జబ్బు పేరు మాకు పుస్తకంలో తెలిసింది కాదు.

మా తాతయ్య బాపట్లలో ఉంటారు. నాన్నగారి ఉద్యోగం మమ్మల్ని జోధ్‌పూర్, జబల్‌పూర్, ఇప్పుడు షిల్లాంగ్ తిప్పింది. ఏ ఊరు మారినా కొత్త అడ్రసుకి ముందుగా వచ్చేది తాతయ్య ఉత్తరమే. మా స్కూళ్ళలో తెలుగు లేదు కాబట్టి మేం చదవడం నేర్చుకున్నది ఆ ఉత్తరాలతోనే. ఒకప్పుడు ముత్యాల్లా ఉండే అక్షరాలు రానురాను చిన్నవైపోయాయి. పేజీ చివరికొచ్చేసరికి ఆవగింజలంత! నాన్నగారు అది గమనించే డాక్టరుకి చూపించారు. రాత అలా కుంచించుకుపోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటట.

మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు చనిపోవడం వల్ల ఈ జబ్బు వస్తుంది. ఆ కణాల్లో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ ముద్దలు కట్టి కనిపిస్తుంది. బతికున్న మనిషి మెదడులోంచి కణాలు తీసి చూడలేం కదా! అందుకే ఈస్టు. అది గంటన్నరకోసారి రెండవుతుంది. దాని జన్యువులు సుమారు 6,000, వాటి జాబితా 1996లోనే పూర్తయింది. పైగా ప్రోటీన్లు తయారుచేయడం, మడతపెట్టడం, పాడైనవాటిని పారేయడం వంటి ఇంటిపనులు దాని కణంలోనూ మన కణంలోనూ చాలావరకు ఒకేలా జరుగుతాయి.

ఈస్టులో ఆల్ఫా సైన్యూక్లిన్ సహజంగా ఉండదు. అమెరికాలో సూసన్ లిండ్‌క్విస్ట్, టియాగో ఔటేరో కలిసి మనిషి జన్యువును ఈస్టులో పెట్టి, ఆ ప్రోటీనుకి ఆకుపచ్చగా వెలిగే మరో ప్రోటీనును తగిలించారు. జన్యువు ఒక్కటే ఉన్నప్పుడు కణం అంచు చుట్టూ పచ్చగాజు తొడిగినట్టు వెలుగు. రెండు పెట్టేసరికి ఆ వెలుగంతా లోపల ముద్దలుగా చేరింది, కణం ఎదగడం మానేసింది. ఇది 2003లో అచ్చయింది. అదే ఏడాది ఒక కుటుంబంలో ఈ జన్యువు ప్రతులు మామూలుకంటే ఎక్కువ ఉండటం వల్లే పార్కిన్సన్ వస్తోందని ఇంకో పరిశోధన తేల్చింది. ఈస్టులో కనిపించిందే మనుషుల్లోనూ! ఈ మాట విన్నాక మాకు ఆ రోజు లంచ్ డబ్బా మీదికి ధ్యాస పోలేదు.

కణం ఎందుకు చస్తోంది? 2006లో ఇంకొంత తెలిసింది. కణంలో తయారైన సరుకు ఒక గదినుంచి మరో గదికి చిన్న చిన్న సంచుల్లో వెళుతుంది. ఈ ప్రోటీన్ ఎక్కువైతే ఆ రవాణా ఆగిపోతుంది. ఇది మనకి వేరే చెప్పాలా? ట్రాన్స్‌ఫర్ అయి కొత్త క్వార్టర్లో దిగాక సామాన్ల లారీ దారిలో నిలిచిపోతే వంటింట్లో అమ్మ పరిస్థితి ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్ళందరికీ తెలుసు. రవాణాకి సాయపడే ర్యాబ్1 అనే ప్రోటీనును పెంచితే నష్టం తగ్గింది. ఈస్టులోనే కాదు, ఈగల్లో, పురుగుల్లో, ఎలుక నరకణాల్లో కూడా.

సెలవుల్లో ఇదంతా తాతయ్యకి చెప్పాం. ఆయన నింపాదిగా విని, "కల్లుకుండలో ఉండేదే కదర్రా?" అన్నారు. అవునన్నాం. "మరి మందెప్పుడొస్తుంది?" అన్నారు.

ఇంకా రాలేదు. తాతయ్య వేసుకునే లెవోడోపా వణుకునీ బిగుతునీ తగ్గిస్తుంది గానీ కణాల చావును ఆపదు. ఈస్టుకి పనిచేసింది మనిషికి పనిచేస్తుందన్న హామీ లేదు. కానీ చిన్న చిన్న గుంటలున్న పళ్ళేల్లో జబ్బు ఈస్టును పోసి, ఒక్కో గుంటలో ఒక్కో రసాయనం వేసి, వేల రసాయనాలను పరీక్షించవచ్చు. ద్రవం తేటగా ఉండిపోతే ఈస్టు పెరగలేదని అర్థం. ఏ గుంటలో ద్రవం మబ్బుగా మారితే, ఆ గుంటలో వేసిన రసాయనాన్ని తరవాత నరకణాల మీద పరీక్షిస్తారు.