ఆఖరి ఏటి కౌలు

ఏటా మార్చి నెల వచ్చిందంటే అమెరికా టీవీల్లో ఒక మాట మొదలవుతుంది. ఫుట్‌బాల్ జట్లు ఆటగాళ్లతో కొత్త ఒప్పందాలు రాసుకునే నెల అది. బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. అలాంటివాడు ఇరవై ఏడేళ్ల వయసులో ఒప్పందం ముగిసి బయటికి వచ్చాడంటే చాలు, పాత బండి బేరంలో టైరు తడిమి చూసినట్టు మాట్లాడతారు. చాలా తిరిగాడు, అరిగిపోయాడు, ఇక ఇతని మీద డబ్బు పెట్టడం తెలివైన పని కాదంటారు. ఈ మాట వింటే నాకు కడుపు మండుతుంది. ఒళ్లు అరుగుతుందన్న మాట నిజమే. కానీ ఆ అరుగుదల ఎవరి పొలంలో జరిగింది, అరగకముందు పండిన పంట ఎవరి గాదెకు చేరింది అన్న లెక్క మాత్రం ఆ బల్ల చుట్టూ కూర్చున్న ఒక్కరూ తీయరు. ఆ లెక్క తీయడానికే ఇది రాస్తున్నాను. నా వాదన ఒక్కటే. రన్నింగ్ బ్యాక్ ఆటకాలం చిన్నది కావడం ప్రకృతి చేసిన పని. ఆ చిన్న కాలంలో మంచి భాగమంతా బేరమాడే హక్కు లేకుండానే గడిచిపోవడం మనుషులు రాసుకున్న నిబంధనలు చేసిన పని.

ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. బంతిని విసరొచ్చు, లేదా చేత పట్టుకుని దూసుకుపోవచ్చు. బంతి విసిరే పని క్వార్టర్‌బ్యాక్‌ది. అతను బంతిని పొట్టకు ఆనించగానే రన్నింగ్ బ్యాక్ రెండు చేతులతో దాన్ని అదుముకుని, నూట ముప్పై కిలోలు దాటిన మనుషులు ఒకరినొకరు తోసుకుంటున్న గోడలో సందు వెతుక్కోవాలి. ఆ సందు రెప్పపాటు తెరుచుకుంటుంది. దూరగలిగితే నాలుగు గజాలు, ఐదు గజాలు. ఆ నాలుగు గజాల చివర ఇద్దరో ముగ్గురో మీద పడతారు. లేచి నిలబడి, మళ్లీ అదే పని. మ్యాచ్‌కు ఇరవై సార్లు, సీజన్‌కు పదిహేడు మ్యాచ్‌లు. చెడుగుడులో కూతకు వెళ్లినవాడికి గీత దాకా తిరిగొచ్చే దారి ఒకటుంటుంది. ఇతనికి అదీ లేదు. దాదాపు ప్రతి పరుగూ నేల మీద పడటంతోనే ముగుస్తుంది.

ఇప్పుడు నిబంధనలు చూడండి. హైస్కూలు ముగిసి మూడేళ్లు గడిస్తే గానీ ఎన్ఎఫ్ఎల్ అనే ఈ లీగ్ ఎవరినీ తీసుకోదు. కాబట్టి ఆ మూడేళ్లూ కాలేజీ జట్టుకు ఆడాలి. 2021 జులై దాకా కాలేజీ ఆటగాడు తన పేరు, తన ముఖం అమ్ముకుని సంపాదించుకోవడానికి కూడా వీలుండేది కాదు. ఆ తర్వాత డ్రాఫ్ట్, అంటే జట్లు వరుసగా కొత్తవాళ్లను ఎంచుకునే పద్ధతి. ఏ జట్టు పిలిస్తే ఆ జట్టుకే వెళ్లాలి. లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి చేసుకున్న 2011 ఒప్పందం నుంచి కొత్తవాడి జీతం ఎన్నో నంబరుగా ఎంపికయ్యాడన్నదాన్ని బట్టి దాదాపు ముందే ఖరారైపోతుంది. డ్రాఫ్ట్‌లో వచ్చినవాడికి నాలుగేళ్ల ఒప్పందం. మూడు సీజన్లు ముగిసేదాకా దాన్ని తిరగరాయడానికి లేదు. మొదటి రౌండ్‌లో ఎంపికైనవాడైతే ఐదో ఏడు కూడా జట్టు ఇష్టమే. అదీ అయ్యాక 1993 నుంచి అమల్లో ఉన్న ఫ్రాంచైజీ ట్యాగ్ ఉంది. ఆ స్థానంలో అత్యధిక జీతాలు తీసుకునే ఐదుగురి సగటు లెక్కన ఇచ్చి జట్టు అతణ్ణి ఇంకో ఏడాది ఆపుకోవచ్చు. ఆ పై ఏడు ఇరవై శాతం పెంచి మళ్లీ ఆపుకోవచ్చు. అన్నీ కూడితే ఏడేళ్లు. ఇరవై ఒకటో ఏట వచ్చినవాడు ఇరవై ఎనిమిదో ఏట బయటపడతాడు. సరిగ్గా అప్పుడే టీవీలో ఆ మాట వినిపిస్తుంది, అరిగిపోయాడని.

సేక్వాన్ బార్క్‌లీ కథలో ఇదంతా సంవత్సరాలతో సహా కనిపిస్తుంది. లక్షమందికి పైగా పట్టే పెన్ స్టేట్ స్టేడియంలో మూడేళ్లు ఆడి, 2018 డ్రాఫ్ట్‌లో రెండో నంబరుగా న్యూయార్క్ జెయింట్స్‌కు వెళ్లాడు. తొలి ఏడాదే పరుగులు, పట్టిన పాసులు కలిపి 2,028 గజాలు తెచ్చాడు. 2020 సెప్టెంబరులో చికాగోలో మోకాలి లిగమెంటు తెగింది. కోలుకుని 2022లో 1,312 గజాలు పరుగెత్తాడు, ఆ ఏడు జట్టు ప్లేఆఫ్స్‌కు చేరింది. 2023 మార్చి 7న జెయింట్స్ ఒకే రోజు రెండు పనులు చేసింది. క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కు నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్ల ఒప్పందం రాసింది. బార్క్‌లీకి ట్యాగ్ తగిలించింది, ఒక ఏడాదికి కోటీ లక్ష డాలర్లు. ముందటి సీజన్‌లో 1,653 గజాలతో లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచిన జోష్ జేకబ్స్‌కూ ఆ ఏడు దక్కింది ట్యాగే. ఇంకో లెక్క ఉంది. 2017లో రన్నింగ్ బ్యాక్ ట్యాగ్ కోటీ 21 లక్షల డాలర్లు. ఆరేళ్ల తర్వాత అది కోటీ లక్షకు దిగింది. అదే ఆరేళ్లలో ఒక్కో జట్టు జీతాలకు పెట్టగల మొత్తం 16.7 కోట్ల నుంచి 22.48 కోట్లకు పెరిగింది. ట్యాగ్ పెద్ద ఆటగాణ్ణి బేరానికి రానివ్వదు. అతను బేరమాడకపోతే పై జీతాలు పెరగవు. పై జీతాలు పెరగకపోతే వాటి సగటు మీద కట్టే ట్యాగ్ కూడా పెరగదు. లాగినకొద్దీ బిగుసుకునే ముడి ఇది.

కౌలు చేసినవాళ్లకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. గడువు తీరిపోయే ఏడాది ఎవరూ కౌలు చేనుకు పెంట తోలరు. కౌలుదారు చెడ్డవాడు కానక్కర్లేదు. వచ్చే ఏటి పంట తనది కాదు, అంతే. ఉన్న సారమంతా ఈ ఒక్క పంటలోనే పిండుకోవాలనిపిస్తుంది. 2014లో డల్లాస్ కౌబాయ్స్‌కు డిమార్కో మరే అలాంటి చేను. ఒప్పందంలో ఆఖరి ఏడు. ఆ సీజన్‌లో అతని చేతికి బంతిచ్చి 392 సార్లు ఆ గోడలోకి పంపారు. 1,845 గజాలతో లీగ్‌లో మొదటివాడయ్యాడు. మరుసటి మార్చిలో డల్లాస్ అతణ్ణి వదిలేసుకుంది. ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు వెళ్లి ఆ ఏడు 702 గజాలతో సరిపెట్టుకున్నాడు. పిట్స్‌బర్గ్‌లో లెవియాన్ బెల్ 2017లో ట్యాగ్ మీద ఆడాడు. పరుగులు, పట్టిన పాసులు కలిపి 406 సార్లు బంతి అతని చేతిలో పడింది, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. మరుసటి ఏడు 1.45 కోట్ల డాలర్ల రెండో ట్యాగ్ ఇవ్వబోతే కాదని సీజన్ మొత్తం ఇంట్లో కూర్చున్నాడు. అత్యాశ అన్నారు, జట్టును ముంచాడన్నారు. నాకు మాత్రం అతను తన చేనును ఒక ఏడు బీడు పెట్టుకున్నాడనే అనిపిస్తుంది. ఆ చేను అతనికి మిగిలిన ఒకే ఒక్క ఆస్తి.

దీనికి మొదటి ఆక్షేపణ బలమైనదే. డబ్బు పెట్టిన జట్లు నష్టపోలేదా అంటారు. 2018లో రామ్స్ జట్టు టాడ్ గర్లీకి నాలుగేళ్లకు 5.75 కోట్ల డాలర్లు రాసింది. మోకాలు సహకరించలేదు, 2020 మార్చిలో పంపేసింది. ఆ ఏడు అట్లాంటాకు ఆడాక ఇరవై ఆరేళ్లకే అతని ఆట ముగిసింది. బీడు పెట్టుకున్న బెల్‌కు న్యూయార్క్ జెట్స్ 5.25 కోట్లు రాసి, రెండో సీజన్ సగం కాకముందే వదిలేసింది. ఇవన్నీ జరిగినవే, కాదనను. అయితే ఇవి చెబుతున్నదేమిటి? శరీరం తాజాగా ఉన్నప్పుడు తక్కువకు వాడుకుని, దాని ధర అలసిపోయాక లెక్కగడితే ఎవరో ఒకరు నష్టపోక తప్పదని. గర్లీ లీగ్‌లో ఉత్తమ అఫెన్స్ ఆటగాడిగా ఎంపికైన 2017లో కొత్తవాడి జీతం మీదే ఉన్నాడు. ఆ ధర ఆ ఏడే ఇచ్చి ఉంటే అరిగాక పెద్ద మొత్తం రాయాల్సిన అగత్యమే ఉండేది కాదు.

గాయపడ్డ ఆటగాడికి ఎవరూ డబ్బు పెట్టరన్నదీ పూర్తి నిజం కాదు. ప్రో కబడ్డీలో పవన్ సెహ్రావత్‌ను 2022లో తమిళ్ తలైవాస్ 2.26 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజనంతా దూరమయ్యాడు. మరుసటి వేలంలో మన తెలుగు టైటాన్స్ అతనికి 2.6 కోట్లు పెట్టింది. పదిమంది ఎదుట జట్లు పోటీ పడితే ధర ఎంత దాకా వెళ్తుందో అది చూపించింది. ఈ పోలికను ఇంతకంటే లాగకూడదని తెలుసు. వేలంలోనూ ఆటగాడు జట్టును ఎంచుకోలేడు, ఆ డబ్బుకూ ఈ డబ్బుకూ పొంతనే లేదు. అయినా కబడ్డీ మాట రాగానే సంక్రాంతికి ఊరి బయలులో గీసిన సున్నపు గీతలే కళ్ల ముందుకు వస్తాయి. మట్టి కొట్టుకున్న మోకాళ్లు, దెబ్బ మీద పసుపు ముద్ద, బయటి ఊరి జట్టును ఒంటి చేత్తో ఓడించినవాడి పేరు ముప్పై ఏళ్లయినా రచ్చబండ మీద నలగడం. ఆ ఊరు అతనికి వైద్యం చేయించలేదు, జీతం ఇవ్వలేదు. కానీ అరిగిపోయాడని మాత్రం అనలేదు. ఇంత డబ్బున్న లీగ్‌కు ఆ పాటి మర్యాద ఎందుకు లేదని అడగడం తప్పు కాదనుకుంటాను.

రెండో ఆక్షేపణ, ఇది పాసుల యుగమనీ, ముందు నిలబడే గోడ మంచిదైతే ఎవడైనా పరుగెత్తుతాడనీ. దీన్ని పరీక్షించే అవకాశం దొరికింది. 2023లో ఈగిల్స్ గోడ వెనక డియాండ్రె స్విఫ్ట్ 229 పరుగుల్లో 1,049 గజాలు తెచ్చాడు, పరుగుకు 4.6. ఆ తర్వాత ఆ గోడ నడుమ నిలబడే జేసన్ కెల్సీ రిటైరయ్యాడు. 2024 మార్చిలో బార్క్‌లీ మూడేళ్లకు 3.775 కోట్ల డాలర్లకు ఈగిల్స్‌లో చేరాడు. వృత్తి ఆటగాడిగా ఎక్కడ ఆడాలో మొదటిసారి తానే ఎంచుకునేసరికి అతనికి ఇరవై ఏడేళ్లు. ఆ సీజన్‌లో 345 పరుగుల్లో 2,005 గజాలు, పరుగుకు 5.8. నవంబరు 3న జాక్సన్‌విల్ మీద ఒక చిన్న పాసు పట్టి, ఒకణ్ణి తప్పించి, గిర్రున తిరిగేసరికి ఇంకొకడు వంగి కాళ్లకు అడ్డం పడబోతున్నాడు. బార్క్‌లీ వీపు అతని వైపుంది. అలాగే, చూడకుండా, వెనక్కి ఎగిరి అతని మీదుగా దాటి, కాళ్ల మీద దిగి పరుగు సాగించాడు. ఒకప్పుడు లిగమెంటు తెగి కోసి కుట్టిన మోకాలు అది. అదే నెల 22న జెయింట్స్ జోన్స్‌ను వదిలేసింది. 24న బార్క్‌లీ ఒక్క మ్యాచ్‌లో 255 గజాలు పరుగెత్తాడు. మరుసటి సీజన్‌లో ఆ జోరు లేదుగా అంటారు. లేదు. అలాంటి ఏడు ఎవరికైనా ఒక్కసారే వస్తుంది. ఆ వచ్చిన ఏడు అతను ట్యాగ్ కింద లేకపోవడమే నాకు ముఖ్యం.

మూడోది అందరూ వేసే ప్రశ్న. మొదటి ఒప్పందంలోనే 3.12 కోట్ల డాలర్లు అందుకున్నవాడి కోసం ఎందుకు బాధపడాలి, సంతకం తానే పెట్టాడు కదా, ఆటగాళ్ల సంఘమే ఒప్పుకుంది కదా అని. డ్రాఫ్ట్‌లో రెండో నంబరు ఏడాదికి ఒక్కడే. ఆరో రౌండ్‌లో వచ్చినవాడూ అదే గోడలోకి వెళ్తాడు, అవే దెబ్బలు తింటాడు, కనీస జీతానికి దగ్గర్లో. సంఘం ఒప్పుకున్న రోజున, రేపు రాబోయే కుర్రాళ్లు ఆ గదిలో లేరు. ఇక సంతకం సంగతి. వీసా ఒక యజమానికి ముడిపడి ఉన్నప్పుడు జీతం మాట ఎత్తడానికి గొంతు ఎలా తగ్గుతుందో అమెరికాలోని తెలుగువాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఇంకో గుమ్మం తెరిచి ఉన్నప్పుడు పెట్టే సంతకానికీ, అన్నీ మూసి ఉన్నప్పుడు పెట్టే సంతకానికీ సిరా ఒక్కటే, విలువ వేరు. ఆ పోలికా కొంత దూరమే నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ మనిషికి ఇరవై ఎనిమిదేళ్లకు ఎక్కాల్సిన మెట్లు ఇంకా ఎన్నో ఉంటాయి. రన్నింగ్ బ్యాక్ అప్పటికే చివరి మెట్టు మీద ఉంటాడు.

ఈ లీగ్‌లో మెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఓడిన జట్టుకు డ్రాఫ్ట్‌లో ముందు వరుస ఇస్తుంది. జీతాలకు ఒకే హద్దు పెట్టి చిన్న ఊరి జట్టును న్యూయార్క్ జట్టుతో సమానం చేస్తుంది. ప్రతి గజం, ప్రతి డాలరు లెక్క బయట దొరుకుతుంది కాబట్టే నేను ఈ లెక్కలు తీయగలిగాను. బలహీన జట్టు మీద చూపించే ఆ న్యాయబుద్ధి తొందరగా అలిసిపోయే ఆటగాడి మీదా చూపించమంటున్నాను. మార్గం కష్టమైనదేమీ కాదు. రన్నింగ్ బ్యాక్ తొలి ఒప్పందాన్ని మూడేళ్లకు తగ్గించాలి, అతని మీద ట్యాగ్ వాడకుండా ఆపాలి. ఇరవై నాలుగో ఏట అతను బేరానికి కూర్చుంటే, అరుగుదల భారం ఇద్దరూ సగం సగం మోస్తారు.

2025 జనవరి 5, ఆదివారం. సీజన్‌లో ఆఖరి మ్యాచ్, ఎదురుగా జెయింట్స్. ఎరిక్ డికర్సన్ 1984లో పెట్టిన 2,105 గజాల రికార్డు దాటడానికి బార్క్‌లీకి 101 గజాలు చాలు. ఆ ఏడు అతణ్ణి ఈగిల్స్ సుకుమారంగా ఏమీ చూడలేదు, 345 సార్లు పంపింది. కానీ ఆ రోజు ఆడించలేదు. ముందు ప్లేఆఫ్స్ ఉన్నాయి, చేతిలో ఇంకా రెండేళ్ల ఒప్పందం ఉంది. నలభై ఏళ్ల రికార్డును వదులుకుని అతను పక్కన కూర్చున్నాడు. ఐదు వారాల తర్వాత, తన ఇరవై ఎనిమిదో పుట్టినరోజున, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. మార్చిలో జట్టు ఇంకో రెండేళ్లకు 4.12 కోట్ల డాలర్లు రాసింది. ఏడాదికి రెండు కోట్లు దాటిన మొదటి రన్నింగ్ బ్యాక్ అతనే. వచ్చే ఏడూ పంట తమదే అనుకున్నవాళ్లు చేనును ఎలా చూసుకుంటారో ఆ ఆదివారం ఫిలడెల్ఫియాలో అందరూ చూశారు.