తీర్పులో లేని నత్తి

న్యాయవాదుల కోసం రాసిన పుస్తకాలు వైద్యుల చేతికి అరుదుగా వస్తాయి. జాన్ టి. నూనన్ 1976లో ప్రచురించిన ‘పర్సన్స్ అండ్ మాస్క్స్ ఆఫ్ ది లా’ నా చేతికి వచ్చినప్పుడు చదవదలచుకున్నది ఒక్క అధ్యాయమే. అమెరికాలో లా చదివేవారికి మొదటి ఏడాదిలోనే ఎదురయ్యే పాల్స్‌గ్రాఫ్ కేసు గురించినది అది. చదివాక మనసు ఊరుకోక, అసలు తీర్పునూ, కింది కోర్టులో వైద్యులిచ్చిన సాక్ష్యాన్నీ వెదికి చదివాను.

ముందుగా ఒక పేరు చిక్కు విప్పాలి. న్యూయార్క్ రాష్ట్రంలో ‘సుప్రీం కోర్టు’ అన్నిటికన్న పైది కాదు. సాక్షులను విచారించే కింది కోర్టు. దానిపైన అప్పిలేట్ డివిజన్. ఆ పైన, ఆల్బనీ నగరంలో, ఏడుగురు న్యాయమూర్తుల కోర్ట్ ఆఫ్ అప్పీల్స్. రాష్ట్రంలో చివరి మాట దానిది. అక్కడ సాక్షులుండరు, జూరీ ఉండదు. కింది నుంచి వచ్చిన రికార్డు, ఇరుపక్షాల లిఖిత వాదనలు, కాసేపు మౌఖిక వాదం, అంతే. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ కింద హైకోర్టులో వేసే సెకండ్ అప్పీలు ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. జరిగిందేమిటన్నది కింద తేలిపోవాలి. పైకి వెళ్లేది చట్టానికి చెందిన ప్రశ్న మాత్రమే.

1924 ఆగస్టులో ఒక ఆదివారం. ఇళ్లు శుభ్రం చేసి బతికే హెలెన్ పాల్స్‌గ్రాఫ్ ఇద్దరు కూతుళ్లతో రాకవే సముద్రతీరానికి వెళ్లాలని బ్రూక్లిన్‌లోని ఈస్ట్ న్యూయార్క్ స్టేషన్‌లో నిలుచుంది. కదిలిపోతున్న వేరొక రైలెక్కబోయి తూలిన మనిషిని ఒక గార్డు లోపలినుంచి లాగాడు, ఇంకొకడు వెనకనుంచి నెట్టాడు. అతని చేతిలోని పొట్లం పట్టాలపై పడింది. వార్తాపత్రికలో చుట్టిన ఆ పొట్లంలో ఉన్నవి బాణసంచా. అవి పేలాయి. ప్లాట్‌ఫారం మీద దూరంగా ఉన్న బరువు చూసే యంత్రం ఆమె మీద పడింది. తరువాత కొన్నాళ్లకు ఆమెకు నత్తి పట్టుకుంది.

1927లో జూరీ ఆరు వేల డాలర్ల పరిహారం ఇవ్వమంది. అప్పిలేట్ డివిజన్ మూడు-రెండు ఓట్లతో సమర్థించింది. 1928 మేలో కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ నాలుగు-మూడు ఓట్లతో కొట్టివేసింది. తీర్పు రాసినవారు ప్రధాన న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో. ఎవరికి హాని జరగగలదని ముందుగా ఊహించడానికి వీలుంటుందో వారి పట్లే జాగ్రత్త వహించే బాధ్యత ఉంటుందనీ, వార్తాపత్రికలో చుట్టిన పొట్లాన్ని చూసి అంత దూరాన ఉన్న స్త్రీకి ప్రమాదమని ఏ గార్డూ ఊహించలేడనీ ఆయన తర్కం.

ఆ తీర్పు చదవడానికి ఎంతో బాగుంటుంది. ‘లా అండ్ లిటరేచర్’ పేరుతో తీర్పుల శైలి మీదే వ్యాసం రాసిన మనిషి మరి. కాని వైద్యుడిగా చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. ఆమె జబ్బు ఏమిటి? దావాకు కారణమైన గాయాలన్న ముక్క తప్ప మరేమీ లేదు. ఆమె పని లేదు, పిల్లలు లేరు, నత్తి లేదు. శీర్షికలో తప్ప పేరు కూడా లేదు, ఆమె ‘వాది’. విభేదించిన న్యాయమూర్తి ఆండ్రూస్ మాత్రం ఆమెను మిసెస్ పాల్స్‌గ్రాఫ్ అన్నారు. ఆమె పాతిక ముప్పై అడుగుల దూరంలో ఉండవచ్చు, ఇంకా తక్కువే కావచ్చు, రికార్డును బట్టి తేలదన్నారు. దూరం మీద నిలిచిన కేసులో ఆ దూరాన్ని ఎవరూ సరిగా కొలవలేదు!

కింది కోర్టు రికార్డులో నత్తి ఉంది. ఒక నాడీవైద్యుడు దానికి ట్రామాటిక్ హిస్టీరియా అని పేరు పెట్టాడు. అది ఆ రోజుల భాష. ఇప్పుడైతే మేము ఫంక్షనల్ స్పీచ్ డిజార్డర్ అంటాం. వ్యాజ్యం మనసులో మెదులుతున్నంత కాలం ఇది నయం కాదని కూడా ఆయన ప్రమాణం చేసి చెప్పాడు.

నూనన్ కోపమంతా దీనిమీదే. చట్టం మనుషులకు ముసుగులు తొడిగి, తరువాత ఆ ముసుగులతోనే వాదించుకుంటుందంటాడు. నేను పూర్తిగా ఒప్పుకోను. పేదరాలా, రైలు కంపెనీయా అని చూడకుండా సూత్రం చెప్పడంలో కూడా ఒక ధర్మం ఉంది. పెద్దాసుపత్రికి మేము రాసే ఉత్తరాలలో రోగి వయసు, లింగం, లక్షణాలుగా మిగిలిపోవడం కొంత అవసరం వల్లనే.

కాని ఇదే కార్డోజో 1914లో ష్లోండార్ఫ్ కేసు తీర్పు రాశారు. రోగి అనుమతి లేకుండా కత్తి పెట్టడం దౌర్జన్యమేనన్న సూత్రం కోసం దాన్ని వైద్యులు ఈనాటికీ తలుచుకుంటారు. అందులో ఆమె కడుపునొప్పితో రావడం, ఆపరేషన్ వద్దని చెప్పడం, మత్తులో ఉండగా చేసేయడం, ఎడమచేతికి కుళ్లు పట్టి కొన్ని వేళ్లు తీసివేయవలసి రావడం అన్నీ ఉన్నాయి. ఆమె కూడా ఓడిపోయింది. ధర్మాసుపత్రి బాధ్యురాలు కాదన్నారు. వేళ్ల సంగతి రాయడం వల్ల తర్కమేమీ చెడలేదు. కాబట్టి సూత్రానికి నత్తి అడ్డమన్న సమాధానం చెల్లదు.

పాల్స్‌గ్రాఫ్ తీర్పు చివర ఇంకొక చిన్న ముక్క ఉంది. అన్ని కోర్టుల ఖర్చులూ ఆమె మీదే. ఆమె సంపాదన వారానికి ఎనిమిది డాలర్లు. నూనన్ ఆ ఒక్క ముక్కనూ వదలకుండా పట్టుకున్నాడు, అక్కడ మాత్రం నేను ఆయన పక్షమే. బాధ్యత లేదని చెప్పిన తర్కంలో ఎక్కడా ఈ ఖర్చుల కోసం ఒక్క కారణం లేదు.

ఆమె న్యాయవాది దూరం సంగతి లేవనెత్తి మళ్లీ విచారించమని కోరాడు. అదే ఏడాది అక్టోబరులో కోర్టు కొద్ది మాటల్లో తిరస్కరించింది: ఆమె కొంత దగ్గరగా నిలుచుందనుకున్నా ఫలితం మారదని. నాడీవైద్యుడు చెప్పిన ఆ వ్యాజ్యం అక్కడితో ముగిసింది.